రాత్రి డ్యూటీలూ, రోనీ బార్కరూ

బ్రిటిష్ కామెడీ అనగానే మనవాళ్ళకి ముందు మిస్టర్ బీన్ గుర్తొస్తాడు. కొంచెం పాతతరం వాళ్ళైతే ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’ గురించి చెబుతారు. రోనీ బార్కర్ అంటే మాత్రం ఎవరతను అని అడుగుతారు. ఇంగ్లండ్‌లో నా వయసువాళ్ళ దగ్గర ఆ పేరెత్తితే చాలు, మొహాలు విప్పారతాయి. అతను పోయి ఇన్నేళ్ళయినా క్రిస్మస్ సెలవుల్లో ఏదో ఒక ఛానల్లో అతని పాత ప్రోగ్రామ్ వస్తూనే ఉంటుంది. నేనూ పని పక్కన పెట్టి కూర్చుంటాను. నటుడిగా ఆ దేశంలో అతన్ని ఎరగనివాళ్ళు లేరు. రచయితగా మాత్రం ఏళ్ళ తరబడి పేరు దాచుకుని రాశాడు. అంత పెద్ద నటుడికి ఆ అవసరం ఏమిటన్నది నేను చాలాకాలం ఆలోచించిన సంగతి. అందుకే ఈ నాలుగు మాటలు.

మేం 1981లో ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న డాంకాస్టర్ వచ్చాం. మాది తెనాలి. మావారు గుంటూరు మెడికల్ కాలేజీలో చదివారు. ఆ రోజుల్లో మన డాక్టర్లకి ఇక్కడ దొరికేవి ఎక్కువగా ఇక్కడివాళ్ళు వెళ్ళడానికి ఇష్టపడని ఊళ్ళలో ఉద్యోగాలు. వృద్ధుల వార్డులు, మానసిక వైద్యం, ఎమర్జెన్సీ. ఆరు నెలలకో ఏడాదికో కాంట్రాక్టు, అది అయిపోయే ముందు మళ్ళీ అప్లికేషన్ల టెన్షన్. ఆయనకి రాత్రి మార్చి రాత్రి డ్యూటీ. హాస్పిటల్ క్వార్టర్స్‌లో నేను ఒక్కదాన్నే. డాంకాస్టర్ అప్పుడు బొగ్గు గనుల ఊరు, రైలింజన్లు తయారైన ఊరు. మనుషులు మంచివాళ్ళే కానీ వాళ్ళ మాట నాకు అందేది కాదు. కాలేజీలో చదువుకున్న ఇంగ్లీషు వేరు, బస్సులో కండక్టర్ మాట్లాడే ఇంగ్లీషు వేరు. టీవీ అద్దెకి తెచ్చుకున్నాం. అప్పట్లో అందరూ అలాగే తెచ్చుకునేవారు. ఆ ఊరి యాస నాకు పట్టుబడింది ఆ టీవీ పుణ్యమే. ముఖ్యంగా ‘ఓపెన్ ఆల్ అవర్స్’ అనే కామెడీ సీరియల్ పుణ్యం.

అందులో బార్కర్ ఆర్క్‌రైట్ అనే చిల్లరకొట్టు యజమాని. పిసినారి. తెల్లవారుజామునే సామాను బయట పెట్టి, చీకటిపడ్డాక లోపల పెడతాడు. కొట్టులోకి ఎవరొచ్చినా వాళ్ళకి అక్కర్లేనిది కూడా అంటగట్టి పంపుతాడు. గల్లాపెట్టె తెరిస్తే వేళ్ళు నలిగిపోయేంత గట్టిగా మూసుకుంటుంది, అతను ప్రతిసారీ చెయ్యి వెనక్కి లాక్కుంటాడు. మేనల్లుడు గ్రాన్‌విల్‌గా డేవిడ్ జేసన్. ఎదురుగా ఉండే నర్సు గ్లాడిస్ ఇమాన్యుయెల్ మీద ఆర్క్‌రైట్‌కి తీరని మోజు. రాసింది రాయ్ క్లార్క్, అతనూ ఆ ప్రాంతం వాడే. బయటి సీన్లన్నీ డాంకాస్టర్‌లోనే, బాల్బీ అనే పేటలో లిస్టర్ అవెన్యూలో తీశారు. షూటింగ్ లేనప్పుడు ఆ కొట్టు ఆడవాళ్ళు జుట్టు కత్తిరించుకునే సెలూన్. షూటింగ్ వచ్చిందంటే బయట కూరగాయల బుట్టలూ చీపుళ్ళూ పేర్చి కిరాణా కొట్టుగా మార్చేవారు. టీవీలో చూసిన ఇటుక గోడలే పొద్దున బజారుకి వెళ్తుంటే నాకు కనిపించేవి. పరాయి ఊళ్ళో ఉన్నదానికి అది చాలా ధైర్యం ఇచ్చింది. ఎవరో నా కోసం ఈ ఊరిని నెమ్మదిగా, నవ్వుతూ వివరించి చెబుతున్నట్టు ఉండేది.

ఆర్క్‌రైట్‌కి నత్తి. ఇది నాకు తేలికైన విషయం కాదు. మా తమ్ముడికి నత్తి ఉండేది. బళ్ళో పిల్లలు వాణ్ణి ఎంత ఏడిపించారో, మా అమ్మ ఎంత కుమిలిపోయిందో నాకు తెలుసు. అలాంటిది టీవీలో ఒకడు నత్తిగా మాట్లాడుతుంటే జనం పగలబడి నవ్వుతున్నారు. కొన్నాళ్ళు ఆ నవ్వు వినపడగానే సౌండు తగ్గించేసేదాన్ని. చూడగా చూడగా నాకు ఒకటి తట్టింది. ఆ కొట్టులో అందరికంటే తెలివైనవాడు ఆర్క్‌రైట్. అతని మాట ఆగినప్పుడు ఎదుటివాడు ఇరుకున పడతాడు కానీ అతను పడడు. మాట తడబడిన ఆ క్షణంలోనే కొత్త ఎత్తు వేసేస్తాడు. ఒక్కోసారి తన నత్తి మీద తనే మాట విసురుతాడు. అయినా కొన్నిచోట్ల అది కేవలం నవ్వు కోసమే వాడిన సంగతి కనిపిస్తూనే ఉంటుంది, అక్కడ నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. రెండూ నిజమే. బార్కర్‌కి ఆ నత్తి గ్లెన్ మెల్విన్ అనే నటుడి దగ్గర నేర్చుకున్నది. కుర్రతనంలో నాటకాలాడేటప్పుడు మెల్విన్ స్టేజీ మీద నత్తి పాత్రని ఎంత లయగా చేసేవాడో చూసి పట్టుకున్నాడు. బార్కర్‌కి మొదటి టీవీ అవకాశం ఇచ్చిందీ ఆయనే, 1956లో.

బార్కర్ పుట్టింది బెడ్‌ఫర్డ్‌లో, 1929 సెప్టెంబర్ 25న. పెరిగింది ఆక్స్‌ఫర్డ్‌లో. యూనివర్సిటీ ఆక్స్‌ఫర్డ్ కాదు, తండ్రి పెట్రోలు కంపెనీలో గుమస్తా. ఆర్కిటెక్చర్ చదవడానికి చేరి కొన్ని నెలల్లోనే మానేశాడు. బ్యాంకులో గుమస్తాగా చేరాడు. సాయంత్రాలు ఔత్సాహిక నాటకాలు. 1948లో బ్యాంకు వదిలేసి ఏల్స్‌బరీలో ఒక రెపర్టరీ నాటక కంపెనీలో చేరాడు. ఇక్కడి రెపర్టరీ అంటే వారం వారం కొత్త నాటకం. ఈ వారం ఆడుతూ పగలు వచ్చే వారం నాటకానికి రిహార్సల్ చెయ్యాలి. మన సురభి వాళ్ళ గురించి విన్నవాళ్ళకి ఆ కష్టం ఎలాంటిదో చెప్పక్కర్లేదు. తర్వాత మూకాభినయం చేసే ఒక బృందంతో ఊరూరా తిరిగాడు. ఆ బృందం దేశానికి ఓ కొసన ఉన్న పెన్జాన్స్‌లో మూతపడింది. చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఆక్స్‌ఫర్డ్ తిరిగొచ్చాడు.

ఆ తర్వాత జరిగిందే బార్కర్ జీవితంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ పట్టుకున్న ఘట్టం. పొట్టగడవడానికి వింగ్‌ఫీల్డ్ అనే హాస్పిటల్లో పోర్టర్‌గా చేరాడు. రోగుల్ని మంచం మీంచి బండి మీదికి, బండి మీంచి మంచం మీదికి మార్చే పని. అక్కడ పోలియో వచ్చినవాళ్ళు ఉండేవారు. వాళ్ళని చూసి తట్టుకోలేకపోయాడు. ఉద్యోగం మానడానికీ లేదు. అప్పుడు ‘చార్లీ’ అని ఒక వేషం కట్టాడు. వార్డులోకి వెళ్ళేది రోనీ కాదు, చార్లీ. చార్లీకి ఏ బాధా లేదు, హుషారైనవాడు, రోగుల్ని నవ్విస్తాడు. ఒక మేల్ నర్సుతో కలిసి వాళ్ళ ముందు చిన్న చిన్న హాస్యాలు కూడా ఆడేవాడు.

డాక్టరు ఇంట్లో బతికినదాన్ని కాబట్టి ఇది నాకు చదవగానే అర్థమైంది. మావారు డ్యూటీకి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గరే మనిషి మారిపోయేవారు. ఇంట్లో మాట్లాడే గొంతు వేరు, వార్డులో ముసలివాళ్ళని పలకరించే గొంతు వేరు. వార్డులో ఎవరైనా పోయిన రోజు ఇంటికొచ్చి కోటు విప్పాక కూడా కాసేపు ఆ రెండో మనిషి వదిలేవాడు కాదు. తట్టుకోవడానికి మనిషికి ఒక వేషం కావలసి వస్తుంది. బార్కర్ కెరీరంతా ఆ చార్లీ దగ్గరే మొదలైందని నా నమ్మకం.

ఆక్స్‌ఫర్డ్ ప్లేహౌస్‌లో మూడేళ్ళు చేశాక దర్శకుడు పీటర్ హాల్ అతన్ని 1955లో లండన్ తీసుకెళ్ళాడు. 1959 నుంచి బీబీసీ రేడియోలో ‘ది నేవీ లార్క్’. రేడియో అతనికి గొంతుతో వేషాలు కట్టడం నేర్పింది. 1966లో డేవిడ్ ఫ్రాస్ట్ నడిపిన ‘ది ఫ్రాస్ట్ రిపోర్ట్’ వచ్చింది. అందులో ఒక చిన్న స్కెచ్ ఇంగ్లండ్ గురించి పుస్తకాలు చెప్పలేనిది చెప్పేసింది. ముగ్గురు మనుషులు వరసలో నిలబడి ఉంటారు. టోపీ పెట్టుకున్న పొడుగాటి జాన్ క్లీస్ పైతరగతి, మధ్యలో బార్కర్ మధ్యతరగతి, చివర పొట్టివాడు రోనీ కార్బెట్ కింది తరగతి. పైవాడు కిందివాళ్ళని కిందికి చూస్తాడు, మధ్యవాడు పైకీ కిందికీ చూస్తాడు, చివరివాడు నా స్థానం నాకు తెలుసు అంటాడు. మార్టీ ఫెల్డ్‌మన్, జాన్ లా రాసింది. కులాల మెట్లు చూసి పెరిగిన మనకి ఆ స్కెచ్‌కి ఉపోద్ఘాతం అక్కర్లేదు. క్లీస్, కార్బెట్‌ల ఎత్తు చూసి జనం నవ్వుతారు కానీ నా కన్ను ఎప్పుడూ మధ్యలో బార్కర్ మీదే ఉంటుంది. మెడ ఎటు తిప్పాలో, ఎంత తిప్పాలో తెలిసిన నటుడు.

ఇక జెరాల్డ్ వైలీ సంగతి. 1968లో ‘ఫ్రాస్ట్ ఆన్ సండే’ జరుగుతున్న రోజుల్లో ఆ ప్రోగ్రామ్‌కి వైలీ అనే కొత్త రచయిత దగ్గర్నుంచి స్కెచ్‌లు రావడం మొదలైంది. బార్కర్ ఏజెంట్ పీటర్ ఈడ్ ద్వారా వచ్చేవి. ఆయన బయటికి రాడు, ఎవరినీ కలవడు, ఏకాంతం ఇష్టపడే మనిషి అన్నారు. స్కెచ్‌లు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి. ఎవరబ్బా ఈ వైలీ అని అందరికీ ఆరాటం. టామ్ స్టాపార్డ్ అని ఒకరు, నోయెల్ కవర్డ్ అని ఒకరు, ఇలా పెద్ద పెద్ద నాటక రచయితల పేర్లన్నీ వినిపించాయి. రిహార్సల్స్‌లో వైలీ రాతని బార్కరే విమర్శించేవాడట, అనుమానం రాకుండా. డాక్టర్ వెయిటింగ్ రూమ్ మీద రాసిన స్కెచ్ కార్బెట్‌కి తెగ నచ్చి హక్కులు కొంటానన్నాడు. వైలీ 3000 పౌండ్లు అడిగాడని కబురొచ్చింది. అది మరీ ఎక్కువ, ఇవ్వకు అని కార్బెట్‌కి చెప్పింది పక్కనే ఉన్న బార్కర్. చివరికి వైలీ హక్కులు ఊరికే ఇచ్చేశాడు. కార్బెట్ కృతజ్ఞతగా వైలీకి ఖరీదైన గాజు గ్లాసులు పంపాడు. సిరీస్ అయిపోయాక వైలీ అందరినీ స్టూడియో ఎదురుగా ఉన్న చైనీస్ రెస్టారెంట్‌కి భోజనానికి పిలిచాడు. అందరూ తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు. బార్కర్ లేచి, వైలీని నేనే అన్నాడు. మొదట ఎవరూ నమ్మలేదు!

కలంపేర్లు మనకి కొత్త కాదు. వారపత్రికల రోజుల్లో ఆడపేర్లతో రాసిన మగవాళ్ళు ఎంతమందో. వాళ్ళకి పేరు మార్చడంలో ఒక ప్రయోజనం ఉండేది, అలా రాస్తే సీరియల్ పడేది. బార్కర్‌కి అది తిరగబడింది. అతని సొంత పేరుకే అప్పటికి విలువ ఉంది. ఆ పేరుతో ఇస్తే ఏ స్కెచ్ అయినా మొహమాటానికి తీసుకుంటారని, బాగాలేకపోయినా బాగుందంటారని అతని భయం. రాత దానికదే నిలబడుతుందో లేదో చూడాలనుకున్నాడు. గుట్టు బయటపడ్డాక కూడా స్కెచ్‌ల కింద వైలీ పేరే వేయించుకున్నాడు. ఇంకా వేరే పేర్లు కూడా పెట్టుకున్నాడు. చివరి సీరియల్ ‘క్లారెన్స్’ రాసింది బాబ్ ఫెరిస్ అని వేశారు. అదీ అతనే. ఈ రోజుల్లో రెండు వాక్యాలు రాసి ఫొటో జతచేసే మనందరం ఉన్న చోట నాకు ఆ మనిషి మీద గౌరవం ఇంకా పెరుగుతుంది.

‘ది టూ రోనీస్’ పుట్టింది ఒక అంతరాయంలోంచి. 1970లో లండన్ పల్లేడియం థియేటర్లో బాఫ్టా అనే సినిమా, టీవీ అవార్డుల సభ జరుగుతుంటే ఏదో సాంకేతిక లోపం వచ్చి అంతా ఆగిపోయింది. స్టేజీ మీద ఉన్న బార్కర్, కార్బెట్ పదకొండు నిమిషాలు ఏ స్క్రిప్టూ లేకుండా నెట్టుకొచ్చారు. ప్రేక్షకుల్లో బీబీసీ వినోద విభాగం పెద్ద బిల్ కాటన్ ఉన్నాడు. ఇద్దరినీ కలిపి బీబీసీకి తెచ్చుకున్నాడు. 1971 ఏప్రిల్‌లో మొదలైన ప్రోగ్రామ్ 1987 దాకా నడిచింది. ఇద్దరూ బల్ల వెనక కూర్చుని ఉత్తుత్తి వార్తలు చదవడంతో మొదలు, మళ్ళీ వార్తలతో ముగింపు. నా తరఫున గుడ్ నైట్ అని ఒకరు, ఆయన తరఫున గుడ్ నైట్ అని ఇంకొకరు. శనివారం రాత్రి దేశమంతా ఆ మాట విని టీవీ ముందు నుంచి లేచేది.

ఆ ప్రోగ్రామ్‌లో ఒక ఏర్పాటు గమనించండి. కార్బెట్ పెద్ద కుర్చీలో కూర్చుని తనే తానుగా ఏదో కథ చెబుతూ దారి తప్పి ఎక్కడెక్కడికో పోయి వస్తాడు. బార్కర్ అలా ఎప్పుడూ చెయ్యడు. అతను ఒంటరిగా కెమెరా ముందుకొస్తే ఏదో ఒక సంఘం ప్రతినిధి, మంత్రి, మతగురువు. మాటలు తారుమారుగా పలికే రోగులందరి తరఫున విజ్ఞప్తి చేసే పెద్దమనిషి. తనే తానుగా జనం ముందు నిలబడి మాట్లాడమంటే బార్కర్‌కి చేతయ్యేది కాదు, ఆ మాట అతనే చెప్పుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని ఇంకొకడైపోతే మాత్రం ఆ నాలుకని ఆపేవాడు లేడు. మళ్ళీ చార్లీయే.

ఇక్కడ ‘ఫోర్ క్యాండిల్స్’ గురించి చెప్పకపోతే ఇంగ్లండ్‌లో ఎవరూ ఊరుకోరు. 1976లో వచ్చింది. ఇనప సామాన్ల కొట్టులో కార్బెట్, కొనుక్కోవడానికి వచ్చిన పనివాడు బార్కర్. ఇక్కడి మామూలు జనం మాటల్లో హకారం మింగేస్తారు కాబట్టి నాలుగు కొవ్వొత్తులు (ఫోర్ క్యాండిల్స్) అడిగాడో, గడ్డి ఎత్తే పారకి పిడులు (ఫోర్క్ హ్యాండిల్స్) అడిగాడో తెలియదు. కొట్టువాడు కొవ్వొత్తులు తెచ్చిపెడతాడు, వచ్చినవాడికి కావలసింది పిడులు. అక్కడి నుంచి ప్రతి వస్తువుకీ ఇదే గొడవ. కొట్టువాడి ఓపిక ఒక్కో మెట్టూ దిగుతుంటుంది. హేస్ అనే ఊళ్ళో ఒక నిజమైన ఇనప సామాన్ల కొట్టువాళ్ళు తమ దగ్గర జరిగిన సంగతి రాసి పంపితే దాంట్లోంచి పుట్టింది. రాసింది, చెప్పక్కర్లేదు, వైలీ. బార్కర్ చేతిరాతలో ఉన్న ఆ కాగితాలు 2007 వేలంలో 48,500 పౌండ్లు పలికాయి. నాకు ఆ స్కెచ్ ఇంత దగ్గరవడానికి కారణం ఉంది. డాంకాస్టర్‌లో మొదటి ఏడాది కొట్టుకి వెళ్ళిన ప్రతిసారీ నేను అడిగింది ఒకటి, వాళ్ళకి వినపడింది ఒకటి. ఇక్కడే పుట్టినవాళ్ళ మధ్య కూడా ఆ గొడవ ఉందని తెలిశాక నాకు కొట్టులోకి అడుగుపెట్టడానికి బెరుకు పోయింది.

అన్నీ నచ్చాయని చెప్పను. టూ రోనీస్‌లో ఆడవాళ్ళ ఒంటి మీద వేసే జోకులు చాలా ఎక్కువ. పెద్దవాళ్ళతో కూర్చుని చూడలేని చోట్లుండేవి. అప్పుడే కొత్తతరం కమెడియన్లకి కూడా వీళ్ళ మీద విసుగొచ్చింది. ‘నాట్ ది నైన్ ఓ క్లాక్ న్యూస్’ వాళ్ళు 1982లో వీళ్ళని వెక్కిరిస్తూ ఒక స్కెచ్ చేశారు. అందులో ప్రధానంగా ఎత్తిచూపింది ఈ ద్వంద్వార్థాలనే. బార్కర్ బాగా నొచ్చుకున్నాడు. అతను పడ్డ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ కుర్రాళ్ళు చెప్పినదాంట్లో నిజం లేదనలేను.

మా అత్తయ్య మా దగ్గర ఉండడానికి వచ్చిన రోజుల్లో ఇదే నా భయం. ఆవిడకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. చలికి బయటికి వెళ్ళలేరు, టీవీలో ఏం మాట్లాడుతున్నారో తెలియదు. బార్కర్ రాసిన ‘బై ద సీ’ అనే చిత్రం 1982లో వచ్చింది. మాటలు లేవు, గొణుగుళ్ళు తప్ప. ఒక పెద్ద కుటుంబం సముద్రం ఒడ్డుకి విహారానికి వెళ్తుంది, జరగాల్సిన తంటాలన్నీ జరుగుతాయి. బార్కర్ పాతకాలపు సముద్రతీరం పోస్ట్‌కార్డులు వేలకి వేలు సేకరించాడు. ఆ కార్డుల్లోని లావాటి మనుషులూ చిలిపి బొమ్మలూ లేచొచ్చినట్టు ఉంటుంది ఆ చిత్రం. మేం వీడియో క్యాసెట్‌లో పెట్టాం. ఒకటి రెండు చోట్ల అత్తయ్య మొహం తిప్పుకున్నారు. మిగతాదంతా కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. ‘ఈ లావుపాటాయన మన ఊరి మునసబులా లేడూ’ అన్నారు. ఊరికి వెళ్ళేదాకా ఆవిడ ఆ క్యాసెట్‌నే పెట్టమనేవారు.

ఇప్పుడు ‘పారిడ్జ్’. బార్కర్ చేసినవాటన్నిటిలో నాకు ఇదే గొప్పది. 1973లో ‘సెవెన్ ఆఫ్ వన్’ అని ఏడు వేర్వేరు కథలు బార్కర్‌తో తీశారు, ఏది పండితే దాన్ని సీరియల్ చేద్దామని. వాటిలోంచే ఓపెన్ ఆల్ అవర్స్ వచ్చింది, పారిడ్జ్ వచ్చింది. రాసింది డిక్ క్లెమెంట్, ఇయన్ లా ఫ్రెనే. నార్మన్ స్టాన్లీ ఫ్లెచర్ అనే పాత దొంగ, అయిదేళ్ళ శిక్ష పడి స్లేడ్ జైలుకి వస్తాడు. టైటిల్స్‌లో శిక్ష చదివే జడ్జి గొంతు కూడా బార్కర్‌దే. నిజం జైళ్ళలో షూటింగ్‌కి ప్రభుత్వం ఒప్పుకోకపోతే ఈలింగ్ స్టూడియోలో జైలు లోపలి భాగం కట్టుకున్నారు. తలుపు చప్పుడు వింటేనే ఒళ్ళు జలదరిస్తుంది. ఫుల్టన్ మెకై కఠినమైన వార్డర్, బ్రయాన్ వైల్డ్ మెత్తటి వార్డర్. ఫ్లెచర్ గదిలో పడ్డ కుర్రఖైదీ గాడ్‌బర్‌గా రిచర్డ్ బెకిన్‌సేల్.

మూడో ఎపిసోడ్ పేరు ‘ఎ నైట్ ఇన్’. రాత్రి తలుపులు వేసేశాక గదిలో ఇద్దరే. దాదాపు అరగంటా మాటలే. కథ అంటూ ఏమీ జరగదు. గాడ్‌బర్‌కి జైలు కొత్త, ఆ రాత్రి గోడలు మీద పడుతున్నాయి. ఫ్లెచర్ విసుక్కుంటాడు, వెటకారం చేస్తాడు, నిద్రపోనివ్వమంటాడు. తర్వాత నెమ్మదిగా ఒక ఉపాయం చెబుతాడు. ఇది జైలు అనుకోకు, ఈ రాత్రి ఎక్కడికీ వెళ్ళబుద్ధి కాక ఇంట్లో ఉండిపోయామనుకో అని. ఆ మాట అనేటప్పుడు బార్కర్ మొహంలో పెద్దగా ఏ మార్పూ ఉండదు. జాలి చూపించడు. కుర్రాడి వైపు సరిగ్గా చూడడు కూడా. కానీ ఆ ముసలి దొంగ ఇదే ఉపాయం తనకి తాను ఎన్ని రాత్రులు చెప్పుకుని ఉంటాడో మనకి తెలిసిపోతుంది. నవ్వించడానికి పెట్టిన ప్రోగ్రామ్‌లో అంత నిశ్శబ్దాన్ని నమ్ముకోవడానికి ఎంత ధైర్యం కావాలి!

ఆ ఎపిసోడ్ నేను మొదటిసారి చూసింది మావారు రాత్రి డ్యూటీలో ఉండగా, పునఃప్రసారంలో. క్వార్టర్స్‌లో కిటికీ బయట మంచు. ఇంటికి ఫోన్ చెయ్యాలంటే ఆ రోజుల్లో ఖర్చు సంగతి సరే, తెనాలిలో మా వాళ్ళకి ఫోనే లేదు. ఉత్తరం రావడానికి రోజులకి రోజులు. నాకు ఆ రాత్రి ఫ్లెచర్ మాట గాడ్‌బర్‌కి చెప్పినట్టు వినపడలేదు, నాకే చెప్పినట్టు వినపడింది. తర్వాత చాలా రాత్రులు అదే అనుకుని పడుకున్నాను. నేను ఒంటరిగా లేను, ఈ రాత్రి ఇంట్లో ఉండాలనిపించి ఉన్నాను. నన్ను ఎరగని మనిషి, నేను ఎరగని మనిషి చేసిన సాయం అది. ఈ మాట రాయడానికి నాకేమీ సంకోచం లేదు.

బెకిన్‌సేల్ 1979లో నిద్రలోనే గుండె ఆగి చనిపోయాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు. నేను ఆ సీరియల్ చూసేనాటికే అతను లేడు. ఆ సంగతి తెలిశాక ఆ గదిలో ఇద్దరూ మాట్లాడుకుంటుంటే చూడడం కష్టమైంది. బార్కర్‌కి అతనంటే ఎంతో ఇష్టమని, ఆ చావు తట్టుకోలేకపోయాడని దగ్గరివాళ్ళు చెప్పారు.

1985లో ఓపెన్ ఆల్ అవర్స్ ఆఖరి సిరీస్ వచ్చింది. అంతకుముందు ఏడాది పొడుగునా గని కార్మికుల సమ్మె. మా చుట్టుపక్కల ఇళ్ళలో వంటసామాను లేని రోజులు చూశాం. మార్చిలో సమ్మె ఓడిపోయింది. సెప్టెంబర్‌లో ఆర్క్‌రైట్ మళ్ళీ కొట్టు తెరిచాడు. అరువు ఇవ్వనని మొండికేసే ఆ పిసినారిని చూసి సమ్మెలో నలిగిన మా పేటవాళ్ళే నవ్వారు. వాళ్ళకి అరువిచ్చి నిలబెట్టిన కొట్లూ ఆ పేటల్లోనివే మరి.

ఆ తర్వాత రెండేళ్ళకే, 1987 చివర్లో, బార్కర్ అన్నీ మానేశాడు. వయసు యాభై ఎనిమిది. పేరు శిఖరం మీద ఉంది. రాయడానికి కొత్త ఆలోచనలు రావడం లేదు, చెయ్యాలనుకున్నవన్నీ చేసేశాను, బాగున్నప్పుడే ఆగిపోవాలి అన్నాడు. గుండె గురించిన భయం కూడా ఉంది. భార్య జాయ్‌తో కలిసి ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో చిపింగ్ నార్టన్ అనే చిన్న ఊళ్ళో పాతవస్తువుల కొట్టు పెట్టాడు. పేరు ‘ది ఎంపోరియం’. పదేళ్ళపాటు నడిపాడు. టీవీలో చిల్లరకొట్టు నడిపినవాడు నిజంగా కొట్టులో కూర్చున్నాడని అందరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం అందులో వైలీ కనిపించాడు. పేరు వల్ల కాక సరుకు వల్ల సాగాలనుకునే మనిషి, ఒక్కసారి సరుకు తగ్గిందనుకోగానే గల్లా మూసేశాడు. ఎంతమంది అడిగినా చాలాకాలం వెనక్కి రాలేదు.

2002లో ‘ది గ్యాదరింగ్ స్టార్మ్’లో చర్చిల్ ఇంటి బట్లర్‌గా, మరుసటేడు ‘మై హౌస్ ఇన్ అంబ్రియా’లో మ్యాగీ స్మిత్‌తో కనిపించాడు. రెండూ నెమ్మదైన పాత్రలు. 2005లో కార్బెట్‌తో కలిసి పాత స్కెచ్‌లని పరిచయం చేస్తూ ‘ది టూ రోనీస్ స్కెచ్‌బుక్’ చేశాడు. మనిషి చిక్కిపోయి ఉన్నాడు. అదే ఏడాది అక్టోబర్ 3న ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక హాస్పిస్‌లో, అంటే ఆఖరి దశలో ఉన్న రోగుల్ని చూసుకునే చోట, పోయాడు. క్రిస్మస్ ప్రోగ్రామ్ అప్పటికే వేసవిలో తీసి ఉంచారు, పోయాక ప్రసారమైంది. 2006 మార్చిలో లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ చర్చిలో సంస్మరణ. ఊరేగింపులో మామూలుగా రెండు కొవ్వొత్తులు పడతారు. ఆ రోజు నాలుగు పట్టారు. టీవీ వార్తల్లో అది చూసి మావారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వాం, వెంటనే ఇద్దరికీ ఏడుపొచ్చింది. 2010లో ఏల్స్‌బరీలో, నాటకాలు మొదలుపెట్టిన ఊళ్ళోనే, అతని కంచు విగ్రహం పెట్టారు. కార్బెట్ 2016లో పోయాడు.

మొదటిసారి చూడాలనుకునేవాళ్ళు టూ రోనీస్‌తో మొదలుపెట్టకండి, సగం జోకులు ఆ కాలపు ఇంగ్లండ్ తెలిస్తేనే అందుతాయి. పారిడ్జ్ మూడో ఎపిసోడ్ చూడండి, సబ్‌టైటిల్స్ పెట్టుకుని. నచ్చితే ఆ సిరీస్ మొదటి నుంచి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ‘బై ద సీ’ పెట్టండి, ఏ భాషా అక్కర్లేదు. డాంకాస్టర్ వైపు ఎవరైనా వస్తే బాల్బీలో లిస్టర్ అవెన్యూకి వెళ్ళి ఆ కొట్టు ముందు ఒక ఫొటో దిగండి. 2013 నుంచి కొన్నేళ్ళు డేవిడ్ జేసన్ అదే కొట్టులో గ్రాన్‌విల్‌గా మళ్ళీ కూర్చున్నాడు, ఈసారి యజమానిగా. దాని గురించి ఇంకోసారి రాస్తాను.